ఇంటి దగ్గర ఇనుము కోసే బల్లకు తక్కువ ఖర్చుతో పొగ లాగే ఏర్పాటు

కల్టివేటరు టైను విరిగినా, గుంటక పాస అరిగినా, పందిరి పైపు వంగినా పని ఆగిపోతుంది. పట్నం వరకు మోసుకెళ్తే కూలీ, కిరాయి, ఒక రోజు పొద్దు పోతాయి. అందుకే చాలామంది రైతులు ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక గ్రైండరు, ఒక వెల్డింగ్ మిషను, కొందరైతే గ్యాస్ కట్టరు కూడా పెట్టుకుంటున్నారు. ఇది మంచిదే. అయితే మిషన్ల మీద పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా పొగ బయటికి పంపడం మీద పెట్టడం లేదు. షెడ్డుకు ఒకటే తలుపు, కిటికీ ఉండదు. పైపు కదలకుండా పట్టుకునేది ఇంట్లోని పిల్లవాడో ఇల్లాలో. ఆ పొగ అందరి ఊపిరిలోకీ వెళ్తుంది.

మూడు వైపులా మూసిన బల్ల, దాని వెనుక గోడలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో ఈ పొగను ముక్కుకు చేరకముందే ఎలా బయటికి పంపవచ్చో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. రేకు, యాంగిలర్ ముక్కలు మీ పాత సామానులోనే దొరుకుతాయి. కొనాల్సిన పెద్ద వస్తువు ఫ్యాన్ ఒక్కటే.

ఏ లోహం పొగలో ఏముంటుంది

ఇనుమును గ్యాసుతో కోసినా, రాడ్డుతో అతికించినా లోహం కరిగి కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలి తగలగానే చల్లబడి అతి సన్నని ధూళిగా మారుతుంది. మనం పొగ అనేది దీన్నే. ఈ రేణువులు ఒక మైక్రాన్ కంటే చిన్నవి కావడం వల్ల ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్తాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నది కూడా అదే వర్గంలో.

రైతు షెడ్డులో ఎదురయ్యేవి ఇవి:

- మామూలు ఇనుము: గోధుమ రంగు పొగ. గొంతు మంట, దగ్గు వస్తాయి. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.
- జీఐ పైపులు, జీఐ రేకులు: వీటి మీద ఉన్నది జింకు పూత. జింకు సుమారు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలకు పైగా కావాలి. అంటే పైపు తెగేలోపే పూత అంతా పొగ అయిపోతుంది. దూది పింజల్లా తేలే తెల్లటి పొగ కనిపిస్తే అది జింకే.
- పాత రంగు వేసిన ట్రాక్టరు భాగాలు, గేట్లు: పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. సీసం ఒంట్లో పేరుకుంటుంది. పిల్లలకు మరీ హాని.
- స్టీలు పాల క్యాన్లు, హైడ్రాలిక్ సిలిండర్లలో మెరిసే కడ్డీలు: వీటిలో క్రోమియం ఉంటుంది. వేడికి అది క్యాన్సర్ కారక రూపంలోకి మారుతుంది.
- బంగారు ఛాయతో మెరిసే పాత నట్లు, బోల్టులు: వీటి మీద కాడ్మియం పూత ఉండవచ్చు. చూపుతో జింకుకూ కాడ్మియానికీ తేడా చెప్పలేం. కాడ్మియం పొగ ఒక్కసారి ఎక్కువగా పీల్చినా ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి బోల్టు బిగుసుకుపోతే గ్యాసుతో కాల్చకుండా హాక్సా బ్లేడుతో కోయండి.

రాత్రి వచ్చే జ్వరం

పందిళ్లు వేసే రోజుల్లో కొందరు రైతులకు పగలంతా జీఐ పైపులు కోసి అతికించాక రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు వస్తాయి. నోట్లో ఇనుము నాకినట్టు, కొందరికి తియ్యగా ఉంటుంది. దీన్ని మలేరియా అనో, ఎండదెబ్బ అనో, పడిశం జ్వరం అనో అనుకుంటారు. ఇది జింకు పొగ వల్ల వచ్చే జ్వరం. సాధారణంగా పొగ పీల్చిన నాలుగు నుంచి పది గంటల తర్వాత మొదలై, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

తగ్గిపోతుంది కాబట్టే జనం దీన్ని పట్టించుకోరు. ఇంకో చిక్కు కూడా ఉంది. రోజూ పీల్చేవారికి శరీరం తాత్కాలికంగా అలవాటు పడి జ్వరం రాదు. రెండు రోజులు పని ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది. జ్వరం రాలేదు కాబట్టి పొగ పడిందని అనుకోకండి. ఊపిరితిత్తులకు జరిగే నష్టం జరుగుతూనే ఉంటుంది.

కాడ్మియం వంటి ప్రమాదకరమైన పొగలు కూడా మొదట ఇలాంటి జ్వరంలాగే కనిపిస్తాయి. ఆయాసం, ఛాతీ బిగపట్టడం, ఊపిరి అందకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో డాక్టరుకు ఏం కోశారో, ఎంతసేపు కోశారో, దాని మీద ఏ పూత ఉందో చెప్పండి. అదే రోజు పురుగుమందు కూడా కొట్టి ఉంటే ఆ మందు పేరు కూడా చెప్పండి. ఈ మాటలు చెప్పకపోతే డాక్టరు మామూలు జ్వరానికే మందు రాస్తారు.

ఎంత మంచి ఫ్యాన్ ఉన్నా కోయకూడనివి

1. పురుగుమందు, కలుపుమందు డబ్బాలు, డ్రమ్ములు. ఎన్నిసార్లు కడిగినా మడతల్లో మందు ఉంటుంది. వేడికి అది విషపు ఆవిరి అవుతుంది.
2. డీజిలు, పెట్రోలు, ఆయిలు, థిన్నరు ఉన్న ఖాళీ డ్రమ్ములు. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరే బాంబులా పేలుతుంది. సగానికి కోసి పశువుల తొట్టి చేద్దామని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.
3. క్లోరిన్ కలిసిన క్లీనరు ద్రవాలతో తుడిచిన భాగాలు. కొన్ని బ్రేకు క్లీనర్లు ఇలాంటివే. తడి ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఆర్క్ వెలుతురుకు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దాని ప్రభావం గంటల తర్వాత బయటపడుతుంది. తుడవడానికి సబ్బు నీళ్లు వాడి పూర్తిగా ఆరనివ్వండి.
4. పీవీసీ ముక్క అంటుకుని ఉన్న ఇనుప పైపు. పీవీసీ కాలితే వచ్చే ఆమ్లపు పొగ కళ్లను, గొంతును కాలుస్తుంది. ముందు ప్లాస్టిక్కును పూర్తిగా తీసేయండి.
5. నీళ్ల ట్యాంకు, ట్యాంకరు లోపల దూరి చేసే పని. మూసిన చోట గ్యాస్ మంట గాలిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, విషవాయువులు పేరుకుంటాయి. ఇది ఇంట్లో చేసే పని కాదు.

ఫ్యాన్ కొనేముందు ఖర్చు లేని నాలుగు పనులు

మొదటిది, వీలైన చోట వేడి లేకుండా కోయండి. జీఐ పైపును హాక్సాతో గానీ, పైపు కట్టరుతో గానీ కోస్తే జింకు పొగే ఉండదు. పందిరికి వెల్డింగ్ బదులు క్లాంపులు, నట్టు బోల్టులు వాడండి. వెల్డింగ్ చేసిన చోట పూత పోయి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి పందిరికి కూడా ఇదే మేలు.

రెండోది, వేడి తప్పకపోతే ముందు పూత తీయండి. కోసే గీతకు రెండు వైపులా రెండేసి అంగుళాల మేర జింకును గానీ, రంగును గానీ తీసేయండి. గీకేటప్పుడూ ధూళి లేస్తుంది కాబట్టి మాస్కు తప్పనిసరి. పాత రంగునైతే తడిపి గీకండి. పొడిగా గ్రైండరు పెట్టవద్దు.

మూడోది, బల్ల మీద పట్టని పెద్ద సామాను ఆరుబయట చేయండి. తూర్పారబట్టేటప్పుడు గాలివాలు చూసి నిలబడినట్టే ఇక్కడా నిలబడాలి. గాలి మీ ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో పోవాలి. ఎదురుగాలిలో పొగ ముఖానికి కొడుతుంది. గాలి వీపు వైపు నుంచి వస్తే మీ ఒంటి ముందు సుడి తిరిగి పొగ ముక్కు దగ్గరికే వస్తుంది.

నాలుగోది, తల పక్కకు పెట్టండి. పొగ నిట్టనిలువుగా లేస్తుంది. కోసే చోటికి సరిగ్గా పైన తల వంచితే పొగంతా మీ లోపలికే పోతుంది. జానెడు పక్కకు జరిగినా పీల్చేది బాగా తగ్గుతుంది.

లాగే గాలి గురించి తెలుసుకోవాల్సిన ఒక్క విషయం

వెలుగుతున్న దీపాన్ని చేతి దూరం నుంచి ఊది ఆర్పగలం. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పలేం. ఊదే గాలి దూరం పోతుంది, లాగే గాలి దగ్గరే పని చేస్తుంది. దూరం రెట్టింపైతే లాగే బలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. షెడ్డులో ఆ మూల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి ఈ మూల కోస్తే పొగ ఎందుకు తగ్గదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆ ఫ్యాన్‌కు పొగ చేరేది మీ ముక్కును దాటాకే.

వంటింటి చిమ్నీలాగా బల్లకు పైన గొట్టం పెట్టడం కూడా ఇలాంటి పొరపాటే. పైకి లేచే పొగ వంగి పని చేసే మనిషి ముఖం మీదుగానే గొట్టంలోకి వెళ్తుంది. కాబట్టి పొగను పక్కకు, అంటే మీకు ఎదురుగా బల్ల వెనక్కి లాగాలి. చుట్టూ ఉన్న గాలినంతా లాగే పని లేకుండా బల్లను మూడు వైపులా, పైన కూడా మూసేయాలి. అప్పుడు చిన్న ఫ్యాన్ కూడా సరిపోతుంది.

పొగ గూడు కొలతలు

ఒక మనిషి నిలబడి పని చేసే బల్లకు ఈ కొలతలు చాలు:

- బల్ల పొడవు 3 అడుగులు, లోతు రెండున్నర అడుగులు. ఎత్తు మీ మొలకు సరిపడా.
- బల్ల మీద రెండు పక్కలా, వెనుక, పైన రేకు. ముందు తెరుపు 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు.
- వెనుక రేకుకు అరడుగు ముందుగా లోపల ఇంకో అడ్డు రేకు. దీని పై అంచు దగ్గర 2 అంగుళాలు, కింది అంచు దగ్గర 2 అంగుళాలు ఖాళీ వదలాలి. ఆ రెండు సందుల్లోంచే గాలి ఫ్యాన్‌కు పోవాలి.
- ఫ్యాన్ రంధ్రం అడ్డు రేకు వెనుక, గోడలో నడిమధ్యన.

అడ్డు రేకు వల్ల రెండు లాభాలున్నాయి. ఒకటి, ఫ్యాన్ ఎదురుగా ఉన్న చోటే కాకుండా బల్ల పొడవునా సమానంగా లాగుతుంది. రెండు, నిప్పురవ్వలు సూటిగా ఫ్యాన్‌లోకి పోకుండా రేకుకు తగిలి కింద పడతాయి.

తయారీ మెట్లు

1. షెడ్డుకు బయటి గోడ వైపు, ఆ గోడ అవతల ఖాళీ స్థలం ఉన్నచోట బల్ల పెట్టండి. అవతల పశువుల కొట్టం, వంటిల్లు, పొరుగింటి కిటికీ, నీళ్ల ట్యాంకు, గింజలు ఆరబోసే కళ్లం ఉండకూడదు.
2. యాంగిలర్లతో బల్ల చట్రం చేయండి. పైన పలకకు బదులు ఇనుప పట్టీలను నిలువుగా అంగుళంన్నర ఎడంతో అమర్చండి. కోసిన మడ్డి వాటి సందుల్లోంచి కిందికి రాలుతుంది.
3. పట్టీల కింద లోతైన రేకు ట్రే బిగించి అందులో రెండు మూడు అంగుళాల ఇసుక పోయండి. గ్యాస్ కట్టరు వాడేవారు నీళ్లు పోయవచ్చు. ట్రే అంచులు చట్రానికి ఆనుకుని ఉండాలి. సందు ఉంటే ఫ్యాన్ కింది నుంచి గాలి లాగుతుంది, ముందు నుంచి లాగదు.
4. పక్క రేకులను, పై రేకును నట్టు బోల్టులతో బిగించండి. జీఐ రేకు వాడితే వెల్డింగ్ చేయవద్దు. పురుగుమందు డ్రమ్ముల రేకు వాడనే వద్దు.
5. పొడవు పైపులు పట్టడానికి రెండు పక్కల రేకులకూ బల్ల మట్టంలో అరడుగు చదరపు కిటికీ కోసి, దానికి జారే మూత పెట్టండి. పైపు లేనప్పుడు మూసి ఉంచండి.
6. అడ్డు రేకును కాస్త మందపాటి రేకుతో చేయండి. రవ్వలు తగిలేది దానికే. శుభ్రం చేయడానికి వీలుగా నాలుగు బోల్టులతో ఊడదీసేలా బిగించండి.
7. గోడకు రంధ్రం చేసి ఫ్యాన్ బిగించి, గూడుకూ గోడకూ మధ్య సందులను రేకు పట్టీతో మూయండి. బయటి వైపు వాన పడకుండా రేకు చూరు పెట్టండి.

అల్యూమినియం కోసేటప్పుడు ట్రేలో నీళ్లు ఉంచకండి. దాని పొడి నీటితో కలిస్తే మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

ఫ్యాన్ లెక్క

ముందు తెరుపులోంచి గాలి సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి పోతే పొగ బయటికి రాదు. అడుగుల్లో లెక్క సులువు. తెరుపు ఎన్ని చదరపు అడుగులో దాన్ని 100తో గుణిస్తే ఎన్ని సీఎఫ్ఎం గాలి కావాలో వస్తుంది. ఫ్యాన్ డబ్బా మీద రాసిన అంకె అడ్డేమీ లేకుండా తిరిగినప్పటిది. అడ్డు రేకు, చూరు, పేరుకునే ధూళి వల్ల అది తగ్గుతుంది. అందుకే లెక్కకు వచ్చినదానికి రెట్టింపు రాసి ఉన్న ఫ్యాన్ కొనండి.

- తెరుపు 2½ × 2 అడుగులు: కావాల్సింది 500 సీఎఫ్ఎం. కొనాల్సింది 1000 సీఎఫ్ఎం, అంటే గంటకు సుమారు 1700 ఘనపు మీటర్లు.
- తెరుపు 3 × 2 అడుగులు: కావాల్సింది 600. కొనాల్సింది 1200 సీఎఫ్ఎం, సుమారు 2000 ఘనపు మీటర్లు.
- తెరుపు 4 × 2 అడుగులు: కావాల్సింది 800. కొనాల్సింది 1600 సీఎఫ్ఎం, సుమారు 2700 ఘనపు మీటర్లు.

తెరుపు పెరిగేకొద్దీ ఫ్యాన్ ఖర్చు ఎలా పెరుగుతుందో చూడండి. ఒక చదరపు అడుగు రేకు అడ్డం పెడితే 200 సీఎఫ్ఎం ఫ్యాన్ ఖర్చు మిగిలినట్టే. పెద్ద ఫ్యాన్ కోసం వెతికే ముందు తెరుపును ఎంత తగ్గించగలరో చూసుకోండి.

ఫ్యాన్ రెక్కలు ఇనుపవి కావాలి, మోటారు పూర్తిగా మూసినది కావాలి. బాత్‌రూములకు పెట్టే ప్లాస్టిక్ ఫ్యాన్ వద్దు. రవ్వ తగిలితే కరుగుతుంది. కూలరు ఫ్యాన్ మోటారు తెరిచి ఉంటుంది కాబట్టి ఇనుప పొడి లోపలికి పోయి షార్టవుతుంది.

గోడలో పెట్టే వీలు లేక గొట్టం వేయాల్సి వస్తే ఈ ఫ్యాన్ పనికిరాదు. రెక్కల ఫ్యాన్ గొట్టంలోకి గాలిని బలంగా నెట్టలేదు. అప్పుడు నత్తగుల్ల ఆకారంలో ఉండే బ్లోయరు కావాలి. 600 సీఎఫ్ఎంకు 7 లేదా 8 అంగుళాల రేకు గొట్టం చాలు. ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మేలు. ప్రతి మలుపూ ఇంకొన్ని అడుగుల గొట్టం కలిపినంత బరువు. పొలంలో మిగిలిన పీవీసీ పైపు వాడకండి. రవ్వ పడితే గొట్టమే అంటుకుంటుంది.

అగరబత్తి పరీక్ష

గూడు సరిగ్గా పని చేస్తుందో లేదో చూడటానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. షెడ్డు తలుపు తెరిచి, ఫ్యాన్ వేసి, వెలిగించిన రెండు మూడు అగరబత్తులను ఈ చోట్ల పట్టి చూడండి. దగ్గర్లో గ్యాస్ లీకు లేదని ముందు చూసుకోండి.

1. బల్ల మధ్యలో, మీరు కోసే చోట. పొగ పైకి లేవకుండా వెనక్కి వంగి సందుల్లోకి పోవాలి.
2. తెరుపు నాలుగు మూలల్లో. ఎక్కడా పొగ బయటికి రాకూడదు.
3. మీరు పని చేసే భంగిమలో నిలబడి, ముఖానికి ముందు. పొగ గూడు వైపు పోవాలి, మీ వైపు తిరగకూడదు.

మూలల్లో బయటికి వస్తుంటే తెరుపు పై అంచులో నాలుగంగుళాల రేకు పట్టీ బిగించి మళ్లీ చూడండి. ఒక పక్కే లాగుతుంటే అడ్డు రేకు సందు రెండు వైపులా సమానంగా ఉందో కొలవండి. అసలే లాగకపోతే ఫ్యాన్ తిరగబడి తిరుగుతుందేమో బయటికి వెళ్లి చూడండి. నెలకోసారి ఈ పరీక్ష చేయండి.

షెడ్డులోకి గాలి వచ్చే దారి కూడా ఉండాలి. తలుపులు మూసి ఫ్యాన్ వేస్తే అది ఉత్తగా తిరుగుతుంది. పని చేసేటప్పుడు స్టాండు ఫ్యాన్ గూడు వైపు పెట్టవద్దు. దాని జోరు గాలి పొగను చెదరగొట్టి బయటికి తెస్తుంది.

నిప్పు, గ్యాసు, కరెంటు

గ్రైండరు, గ్యాస్ కట్టరు రవ్వలు 10 మీటర్ల దాకా ఎగిరిపడగలవు. ఆ దూరంలో గడ్డివాము, పత్తి, గోనె సంచులు, డీజిలు క్యాన్లు, ఎరువుల బస్తాలు ఉండకూడదు. ఫ్యాన్ రవ్వను బయటికి కూడా తోయగలదు కాబట్టి గోడ అవతలి వైపూ చూసుకోండి. బక్కెట్ ఇసుక, బక్కెట్ నీళ్లు చేతికందే దూరంలో ఉంచండి. కరెంటు మంట మీద మాత్రం నీళ్లు పోయకండి. పని అయ్యాక అరగంట తర్వాత షెడ్డును ఒకసారి చూసి రండి.

వంట గ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద, గుంటల్లో నిలుస్తుంది. గ్యాసు వాసన వస్తే ఫ్యాన్ స్విచ్ వేయకండి, ఆపకండి. సిలిండరు కట్టేసి తలుపులు తీసి బయటికి రండి. ఇంటి వంట సిలిండరును కోతకు వాడటం చట్టరీత్యా నేరం. కోత గొట్టాలకు మంట వెనక్కి రాకుండా ఆపే వాల్వులు పెట్టించండి. షెడ్డులో ఉక్కగా ఉందని ఆక్సిజన్ వాల్వు తెరవకండి. ఆక్సిజన్ ఎక్కువైన గాలిలో బట్టలు భగ్గున అంటుకుంటాయి.

ఫ్యాన్‌కు, గూడు చట్రానికి ఎర్తింగ్ చేయించండి. ఫ్యాన్ స్విచ్ గూడు బయట ఉండాలి. షాక్ కొడితే కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టించండి. బోరు మోటారు స్టార్టరు నుంచి తీగ లాగవద్దు.

మాస్కు గురించి

తువ్వాలు, తడిగుడ్డ, బట్ట మాస్కు లోహపు పొగను ఆపవు. రేణువులు నేత సందుల కంటే చిన్నవి. ఎన్-95 గానీ, ఐఎస్ 9473 గుర్తుతో ఎఫ్ఎఫ్‌పీ2 అని రాసి ఉన్నది గానీ వాడండి. గడ్డం ఉంటే అంచు ఆనదు, పొగ పక్కనుంచి పోతుంది. ఇవి పొగ రేణువులకే, విషవాయువులకు పనికిరావు. గూడు ఉన్నా జీఐ, స్టీలు, పాత రంగు సామాను కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి. గూడు మాస్కుకు బదులు కాదు, మాస్కు గూడుకు బదులు కాదు.

శుభ్రం చేయడం

వారానికోసారి కరెంటు ఆపి ఫ్యాన్ రెక్కలను, అడ్డు రేకును తడిగుడ్డతో తుడవండి. కంప్రెసరు గాలితో ఊదవద్దు, పొడి చీపురుతో ఊడవవద్దు. కింద పడిన విషం మళ్లీ గాలిలోకి లేస్తుంది. పని బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతకకండి. చేతులు, ముఖం కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోకండి, పిల్లల్ని ఎత్తుకోకండి.

ఆ ధూళిని పెంటకుప్పలో కలపకండి. జింకు ఉంది కదా, వరికి మంచిదే కదా అని కొందరు అంటారు. మనం పొలంలో వేసే జింకు సల్ఫేటు వేరు, ఇది వేరు. ఇందులో సీసం, క్రోమియం కలిసి ఉంటాయి, అవి నేలలో పోవు. రంగు పెచ్చులను కొట్టం దగ్గర పడేయకండి. పశువులు వాటిని నాకుతాయి. సీసం పశువులను చంపగలదు. ధూళిని తడిపి మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి, పిల్లలకు, పశువులకు అందకుండా విడిగా ఉంచండి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

బెల్లం తింటే, పాలు తాగితే పొగ విరుగుతుందా? విరగదు. బెల్లం, పాలు పొట్టలోకి పోతాయి. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండు దారులూ వేరు. తిని పని మొదలుపెడితే తప్పు లేదు, అది రక్షణ అనుకోవడమే తప్పు.

నెలలో రెండు మూడు రోజులే చేస్తాను, ఇదంతా అవసరమా? మామూలు ఇనుమే అయితే ఆరుబయట, గాలివాలు చూసుకుని, మాస్కుతో చేసుకోవచ్చు. షెడ్డులోపల చేస్తే, లేదా జీఐ పైపులు ఎక్కువగా కోస్తే గూడు కట్టుకోండి.

పైపు పట్టుకోవడానికి పిల్లల్ని పిలవవచ్చా? వద్దు. పట్టుకోవడానికి బల్లకు ఒక వైసు బిగించండి. కోత జరుగుతున్నంతసేపూ పిల్లలు, గర్భిణులు, ఆయాసం ఉన్న పెద్దలు షెడ్డు దరిదాపుల్లో ఉండకూడదు.

నలుగురు రైతులం కలిసి కట్టుకోవచ్చా? అది ఇంకా మంచిది. నాలుగు షెడ్లలో నాలుగు అరకొర ఏర్పాట్ల కంటే ఒకచోట సరైన గూడు మేలు. మీ సంఘం యంత్రాల కేంద్రంలో ఒకటి పెట్టించమని రైతు సేవా కేంద్రంలో గానీ, రైతు వేదికలో గానీ జరిగే సమావేశంలో అడగండి. దగ్గర్లోని ఐటీఐలో వెల్డింగ్ నేర్పేవారికి మీ గూడు కొలతలు చూపించి సలహా తీసుకోండి.

కోత మొదలుపెట్టే ముందు

- కోసేది ఏమిటి? దాని మీద పూత, రంగు, మందు, నూనె ఉన్నాయా?
- హాక్సాతో, బోల్టుతో పని జరుగుతుందా?
- షెడ్డు తలుపు తెరిచి ఉందా? ఫ్యాన్ తిరుగుతోందా? పక్క కిటికీలు మూసి ఉన్నాయా?
- సామాను తెరుపు అంచున కాకుండా గూడు లోపల, అడ్డు రేకుకు దగ్గరగా ఉందా?
- చుట్టూ గడ్డి, డీజిలు, పిల్లలు లేరు కదా?
- మాస్కు, కళ్లద్దాలు పెట్టుకున్నారా?

కోత అయ్యాక ఐదు నిమిషాలు ఫ్యాన్ తిరగనిచ్చి అప్పుడు ఆపండి. ఆ రాత్రి ఇంట్లో ఎవరికైనా చలి జ్వరం వస్తే, పగలు షెడ్డులో ఏం కోశారో ముందు గుర్తు చేసుకోండి.